పోయిన రెండు వోల్టులు

ఆ రోజు పొద్దున దానియేలు మాస్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. రేపు బడిలో చెప్పబోయే పాఠాన్ని ఇవాళ ఇంటి వసారాలో ఒకసారి చెప్పి చూసుకోవాలి. తర్వాత చాయ్ తాగాలి. ఆ తర్వాత, అడిగి తెచ్చుకున్న బ్యాటరీని దాని బస్సుకు అప్పగించాలి. ఇంత చిన్న పథకంలో చెడిపోవడానికి చోటెక్కడుంటుందని ఆయన ధీమా.

అప్పటికి నిజాం రాజ్యం పోయి ఏడాది అయింది. సూర్యాపేట బడిలో ఉర్దూ పాఠాలు ఒక్కొక్కటే తెలుగులోకి దిగుతున్నాయి. ఉర్దూలో సైన్సు చదువుకొని, ఇంగ్లీషు పుస్తకం చూసి, తెలుగులో చెప్పవలసిన అవస్థ దానియేలుది. పోనీ ఆ నౌకరీ అయినా పక్కాదా అంటే, కాదు. ఆయనింకా ‘ముస్తకిల్’ కాలేదు. ముస్తకిల్ అయిన పంతులును ఇక ఎవరూ ఇంటికి పొమ్మనలేరు. కానివాణ్ణి ఎవరైనా ఎప్పుడైనా పొమ్మనవచ్చు. రేపు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు వచ్చి దానియేలు పాఠం వింటాడు. నచ్చితే ముస్తకిల్. నచ్చకపోతే మిర్యాలగూడ.

మిర్యాలగూడ శిక్ష అనదగినంత చెడ్డ ఊరేమీ కాదు. కాకపోతే అక్కడ దానియేలు అత్తవారిల్లుంది. మామ సోమయ్య రైసు మిల్లులో ఇంజను మేస్త్రీ. మనిషి ఖాళీగా కూర్చుంటే తుప్పు పడతాడని ఆయన సిద్ధాంతం. పండుగకు వచ్చిన అల్లుడి చేతిలో కూడా అరిసె కంటే ముందు నూనె డబ్బా పెట్టే మనిషి. “నౌకరీ పోతే ఫికర్ చెయ్యకు అల్లుడా, మిల్లుల కాంటా కాడ కూసుందువు,” అని ఆయన ధైర్యం చెప్పినప్పుడల్లా దానియేలుకు ఉన్న ధైర్యం కూడా పోయేది. అందుకే ముస్తకిల్ కావాలని ఆయన ప్రతి ఆదివారం ప్రార్థనలో ప్రత్యేకంగా అడుగుతున్నాడు.

వసారాలో బల్ల లేదు గనక చెక్కపెట్టె బోర్లించి దాని మీద సరంజామా పెట్టాడు. ఆరు వోల్టుల బ్యాటరీ. వెంట్రుకంత సన్నని తీగను రెండు దారపు రీళ్ళకు సమానంగా చుట్టి తానే తయారు చేసుకున్న రెండు చుట్టలు. వోల్టులు చూపే మీటరొకటి. మిల్లులో జత మీటర్లుంటే, నాలుగు రోజుల్లో తెచ్చిస్తానని చెప్పి సంక్రాంతికి ముందు పట్టుకొచ్చినది. ఇప్పుడు వానాకాలం.

బ్యాటరీ మాత్రం కోదాడ బస్సుది. ఆ బస్సు యుద్ధం రోజుల్లో బొగ్గుతో నడిచి, ఇప్పుడు పెట్రోలుకు మారినా పాత పొగ మానలేదు. పొద్దున కోదాడ నుంచి సూర్యాపేట వచ్చి, ఎండ దిగేదాకా నిలబడి, మిర్యాలగూడ పోతుంది. రాత్రి అక్కడే ఉండి మర్నాడు అదే దారిన తిరిగొస్తుంది. నిలబడి ఉన్నంతసేపు దాని బ్యాటరీని మాస్టరుకు అరువిచ్చేవాడు డ్రైవరు ఫకీరా. ఈ సంగతి కోదాడలోని యజమాని వెంకటనర్సయ్యకు తెలియదు. తెలియనివ్వవలసిన అవసరమూ ఇంతవరకు రాలేదు.

ఇన్‌స్పెక్టరు స్థానంలో దానియేలు భార్య మరియమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చుంది.

“ఇగో సూడు. రెండు సుట్టలను ఒకదానెన్క ఒకటి వరసగ కట్టి బ్యాటరీకి కలిపిన. మొత్తానికి ఎన్ని వోల్టులు?” అన్నాడు దానియేలు, మీటరు తీగలను రెండు చివరలా ఆనించి.

“ముల్లు ఆరు మీదుంది.”

“సుట్టలు రెండు సమానం. ఒక్కోదాని వాటాకు ఎంత రావాలె?”

“మూడు. గిది అడగనీకి ఇన్‌స్పెక్టర్ రావాల్నా?” అంది మరియమ్మ.

దానియేలు గర్వంగా నవ్వి మీటరును మొదటి చుట్టకు ఆనించాడు. ముల్లు రెండు దగ్గర ఆగింది. మీటరును వేలితో తట్టాడు. రెండే. రెండో చుట్టకు ఆనించాడు. అక్కడా రెండే. తీగలు ఊడదీసి, గీకి, మళ్ళీ కట్టాడు. మొత్తానికి పెడితే ఆరు, విడివిడిగా పెడితే రెండు, రెండు.

“రెండు, రెండు, నాలుగు. ఆరు గద ఉండాలె. మిగిలిన రెండేవి?” అంది మరియమ్మ చిక్కుడుకాయ చేతిలోనే పట్టుకుని. ఇన్‌స్పెక్టరు కూడా ఇంతకంటే సూటిగా అడగలేడు.

“మీటరు చెడిపోయిందేమో,” అన్నాడు దానియేలు. కానీ చెడిపోయిన మీటరు మొత్తాన్ని సరిగ్గా ఆరని ఎలా చెబుతుంది? అబద్ధాలాడేవాడు అన్నిచోట్లా ఆడాలి కదా! ఆయన చాయ్ సంగతి మరిచిపోయాడు. బనీనంతా చెమటతో తడిసింది. చివరికి లేచి నిలబడి, జుట్టు పీక్కుంటూ, “రెండు వోల్టులు పోయినయ్! నిజంగనే పోయినయ్!” అని గట్టిగా అరిచాడు.

పక్కింటి రుక్కమ్మ గోడ అవతల బట్టలు ఆరేస్తోంది. ఆ మధ్యాహ్నం అదే బస్సులో మిర్యాలగూడ చెల్లెలింటికి పోవాలని ఆమె ఏర్పాటు. ఆ కాలంలో సూర్యాపేటలో వోల్టు అన్న మాట తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్క. బస్సులు పోయే దారి కనక బోల్టు తెలియనివాళ్ళు మాత్రం లేరు. రుక్కమ్మ గోడ మీదుగా తొంగి చూసింది. పెట్టె మీద బస్సు బ్యాటరీ. దాని ముందు జుట్టు పీక్కుంటున్న మాస్టరు.

“ఏం పోయినయ్ మరియమ్మా?”

“రెండు పోయినయంట రుక్కమ్మక్కా. ఎంత ఎతికినా దొరుకుతలేవు.”

“బస్సుయేనా?”

“బస్సు దాంట్లయే,” అంది మరియమ్మ. ఆమె మాటలో అబద్ధమేమీ లేదు.

రుక్కమ్మ తడిబట్టలు బకెట్లోనే వదిలేసి బస్సు ఆగే చోటికి పోయింది. ఆమె చెప్పింది ఒక్క మాటే: బస్సుకు రెండు బోల్టులు లేవు. మిగతాది విన్నవాళ్ళు చూసుకున్నారు. ఒకాయన స్టీరింగు బోల్టులన్నాడు, ఇంకొకాయన బ్రేకు బోల్టులన్నాడు, టిక్కెట్టు కొనని పెద్దమనిషి బస్సుకు అసలు బోల్టులే లేవని, తుప్పే దాన్ని అంటిపెట్టి ఉంచిందని చెప్పాడు. కంగారుపడ్డ ఫకీరా బ్యాటరీ కోసం మాస్టరింటికి పరుగున వచ్చాడు.

“సారూ, రెండు పోయినయంట గద?”

“నీకు గూడ తెలిసిందా?” అన్నాడు దానియేలు నీరసంగా.

“ఊరంత గదే ముచ్చట. ఏడ పోయినయ్ సారూ?”

“ముంగటిదాంట్ల ఒకటి, ఎన్కదాంట్ల ఒకటి. శానసార్లు సూసిన.”

ఫకీరా ముఖం పాలిపోయింది. “మీరు బస్సు మొకం గూడ సూడలేదు గద. గీడ కూసొని ఎట్ల తెలుసుకున్నరు?”

“బ్యాటరీకి మీటరు పెడితే తెలుస్తది ఫకీరా.”

ఫకీరా ఆ మీటరు వంక భక్తిగా చూశాడు. “అయితే ప్రమాదమేనా?”

“ప్రమాదమే. రేపు గూడ గిట్లనే ఉంటే నా పని ఖతం.”

“మీరొక్కరేంది సారూ, లోపల ముప్పై మంది కూసుంటరు!”

“పోరగాండ్లకేం గాదు. వాళ్ళకు ఏదో ఒకటి చెప్పి సముదాయిస్త,” అన్నాడు దానియేలు తన క్లాసును తలచుకొని. బస్సులో చిన్నపిల్లలు కూడా ఉంటారన్నది ఫకీరాకు అప్పుడు గుర్తొచ్చింది. దానియేలు మీటరు చూపిస్తూ, “మిర్యాలగూడల మా మామకు చెప్పు. రెండు వోల్టులు తక్కువొస్తున్నయ్, ఇసొంటిదే ఇంకోటి మిల్లుల ఉన్నది, రేప్పొద్దున పంపమను,” అన్నాడు. ఫకీరా తలూపి బ్యాటరీ ఎత్తుకొని పోయాడు.

పోయి బస్సు కింద దూరాడు. ముందు చక్రానికి ఒక బోల్టు లేదు. వెనక చక్రానికి ఒకటి లేదు. ఎన్నేళ్ళ నుంచి లేవో ఆ బస్సుకు కూడా గుర్తుండి ఉండదు. ఎవరూ లెక్కపెట్టలేదు గనక ఇన్నాళ్ళూ నిశ్చింతగా తిరిగింది. ఫకీరా బయటికొచ్చి, మట్టి దులుపుకొని, “సారు చెప్పింది అక్షరాల నిజం. ఇంట్ల కూసొని, ముంగట ఒకటి ఎన్క ఒకటి అని చెప్పిండు!” అని ప్రకటించాడు.

దాంతో మాస్టరు కీర్తి రెండు పాయలైంది. సగం ఊరు, ఆయన దగ్గర పోయిన వస్తువులు చెప్పే యంత్రముందంది. మిగతా సగం, అంత కచ్చితంగా చెప్పాడంటే ఊడదీసింది ఆయనే అయి ఉండాలంది. ఈ రెండో కబురు కోదాడ పోయే లారీ ఒకటి ఎక్కింది.

బస్సు బయలుదేరింది. టిక్కెట్టు కొన్నవాళ్ళు డబ్బు వదులుకోలేరు, ప్రాణమూ వదులుకోలేరు. అందుకని ఫకీరా బస్సును నడకంత నెమ్మదిగా తోలుతుంటే, ప్రయాణికులందరూ దిగి దాని పక్కనే నడిచారు. చద్దిమూట నెత్తిన పెట్టుకొని రుక్కమ్మ అందరికంటే ముందు నడిచింది. ఖాళీ బస్సు, దాని వెంట మాటల్లేకుండా నడుస్తున్న జనం. దారిలో పల్లెవాళ్ళు అది ఎవరో గొప్పవాళ్ళ శవయాత్ర అనుకొని, పనులాపి దండం పెట్టారు. మిర్యాలగూడ చేరేసరికి ఊరంతా నిద్రపోయింది.

తెల్లవారగానే ఫకీరా మిల్లుకు పోయి సోమయ్యకు కబురు చెప్పాడు. “మీ అల్లుడు బస్సుల రెండు బోల్టులు తక్కువున్నయని కనిపెట్టిండు. ఇసొంటిదే గుండ్రంగ, అద్దమున్నది ఇంకోటి పంపమన్నడు.”

“కనిపెట్టిండా?” అన్నాడు సోమయ్య. ముప్పై ఏళ్ళుగా ఇంజన్లతో కాపురం చేస్తున్న మనిషి. “నేను సూసిన కాడికి, బోల్టు పోయిన సంగతి ముందు తెలిసేది ఊడదీసినోనికే. ఇన్‌స్పెక్టర్ భయంతోని పోరని మతి పోయింది. నేను ఎప్పుడో చెప్పిన, కాంటా కాడ కూసోమని!” బస్సు కదిలే లోపే రెండు బోల్టులు బిగించి, రెండో మీటరును తువ్వాలలో చుట్టుకొని, కూతుర్నీ అల్లుణ్ణీ వెంట తీసుకొచ్చేస్తానని భార్యకు చెప్పి బస్సెక్కాడు. బోల్టులన్నీ ఉండటంతో బస్సు ఆ పొద్దు ఎన్నడూ లేనంత ఊపుగా పోయింది.

సూర్యాపేటలో దిగి సోమయ్య కూతురింటికి పోయాడు. ఫకీరా బ్యాటరీని బడికి చేర్చాడు. అదే సమయానికి కోదాడ నుంచి ఒక లారీ వచ్చి ఆగింది. అందులోంచి వెంకటనర్సయ్య దిగాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అలాంటివి విడివిడిగా రావు.

బడిలో దానియేలు ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నాడు. మొత్తం ఆరని చూపించి ఊరుకోవాలి. వాటాల జోలికి పోకూడదు. ఇన్‌స్పెక్టరు సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. వెనక బెంచీలో కూర్చొని పాఠమంతా విన్నాడు. ముల్లు ఆరు చూపినప్పుడు తలూపాడు. దానియేలు సుద్దముక్క కింద పెట్టబోతుండగా లేచి ముందుకొచ్చాడు.

“బాగుంది మాస్టర్ సాబ్. ఇప్పుడు జర ఒక్కొక్క చుట్ట మీద పెట్టి చూపండి.”

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. దానియేలు పెట్టాడు. రెండు. ఇంకోదాని మీద పెట్టాడు. రెండు. క్లాసంతా వేళ్ళ మీద లెక్క వేసుకుంది.

“ఆరు కావాలి. నాలుగే వచ్చాయి. మిగిలిన రెండు ఏవి?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“అదే నేనూ అడుగుతున్నా! మిగిలిన రెండూ ఏవి మాస్టారూ?” అని గుమ్మంలోంచి ఒక గొంతు ఉరిమింది.

అందరూ తిరిగి చూశారు. వెంకటనర్సయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడి రొప్పుతున్నాడు.

“మీరెవరు?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“నన్ను వెంకటనర్సయ్య అంటారండీ, మాది కోదాడ. ఆ రెంటి కోసమే పొద్దున్నే లారీ పట్టుకొచ్చా.”

“ఈ సంగతి కోదాడ దాకా పాకిందా?”

“పాకకేమండీ! రాత్రి నుంచి మా ఊళ్ళో ఇదే మాట. నాకు కంటిమీద కునుకుంటే ఒట్టు.”

ఇన్‌స్పెక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఈ నౌకరీలో జిల్లా అంతా తిరిగాను. రెండు వోల్టుల కోసం నిద్ర మాని లారీ ఎక్కి వచ్చిన పెద్దమనిషిని ఇప్పుడే చూస్తున్నాను. దయచేసి కూర్చోండి.” వెంకటనర్సయ్యను తానే చేయి పట్టుకొని ముందు బెంచీలో కూర్చోబెట్టాడు. కొట్లాటకు వచ్చినవాడికి మర్యాద జరిగితే ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. బుద్ధిగా చేతులు కట్టుకున్నాడు.

“మాస్టర్ సాబ్, కోదాడ వారికీ నాకూ కలిపి జవాబు చెప్పండి.”

దానియేలు మీటరు వంక చూశాడు. మీటరు పాడైందని ఒక్క మాట అంటే గండం గడిచేది. కానీ ఆ మాట అబద్ధమని నిన్నటి నుంచి ఆయనకు తెలుసు. పైగా ఇంతమంది పిల్లలు చూస్తున్నారు.

“నాకు తెల్వదు సార్,” అన్నాడు. “నిన్న పొద్దుగాల నుంచి గదే సూస్తున్న. తెలుసుకోవాలని మాత్రం మస్తుగున్నది.”

ఇన్‌స్పెక్టరు కనుబొమలు పైకి లేచాయి. ముస్తకిల్ అన్న మాట కిటికీలోంచి ఎగిరిపోవడం దానియేలు కళ్ళారా చూసినట్టే అనిపించింది. ఏడుపొచ్చింది కూడా.

సరిగ్గా అప్పుడు సోమయ్య లోపలికి వచ్చాడు. వెనకే, తండ్రిని ఆపలేక అలసిపోయిన మరియమ్మ. అల్లుడి ముఖం చూడగానే సోమయ్యకు అంతా అర్థమైపోయింది. బోల్టుల కోసం పెద్ద అధికారే వచ్చి పంచాయితీ పెట్టాడు.

“అయ్యా, మా అల్లుణ్ణి ఏమనకుండ్రి. ఆ రెండు నేను పెట్టేసిన!” అన్నాడు చేతులు జోడించి.

“మీరు పెట్టారా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“నా చేతులతోని పెట్టిన. ముంగటిదానికొకటి, ఎన్కదానికొకటి. ఇగ లెక్క సరి.”

ఇన్‌స్పెక్టరు రెండు చుట్టల వంకా చూశాడు. ముందుదానికి ఒకటి, వెనకదానికి ఒకటి కలిపితే మూడూ మూడూ ఆరు. లెక్క సరిగ్గానే ఉంది. “ఎప్పుడు పెట్టారు?”

“తెల్లారంగనే. మిర్యాలగూడల.”

“మిర్యాలగూడలోనా!”

“ఆడనే అయితది సార్, ఈడ సామాన్లు యాడివి?” అంటూ సోమయ్య తువ్వాల విప్పి రెండో మీటరు బల్ల మీద పెట్టాడు. “ఇగో అల్లుడా, నువ్వడిగిన ఇంకోటి.”

దానియేలుకు మామ మాట ఒక్కటీ తలకెక్కలేదు. మీటరు మాత్రమే కనిపించింది. మొదటి మీటరు మొదటి చుట్ట మీద రెండు చూపిస్తూ అలాగే ఉంది. దాన్ని తీయకుండానే, కొత్త మీటరు తీగలను రెండో చుట్టకు ఆనించాడు.

ముల్లు లేచి మూడు దగ్గర నిలబడింది. అంతకంటే వింత, ఎవరూ ముట్టుకోని మొదటి మీటరు ముల్లు కూడా రెండు మీంచి కదిలి మూడుకు వచ్చింది.

“చెప్పిన గద!” అన్నాడు సోమయ్య.

పిల్లలు చప్పట్లు కొట్టారు. వెంకటనర్సయ్య దేనికో తెలియకుండానే కొట్టాడు. ఇన్‌స్పెక్టరు వంగి రెండు ముళ్ళనూ మార్చి మార్చి చూస్తూ, “ఈయన నిజంగానే పెట్టాడా?” అని గొణిగాడు. దానియేలు మాత్రం కొత్త మీటరును తీసేశాడు. మొదటిది మళ్ళీ రెండుకు పడిపోయింది. పెట్టాడు, మూడు. తీశాడు, రెండు. ఆయన ఇన్‌స్పెక్టరును మరిచాడు, ముస్తకిల్‌ను మరిచాడు. ముఖం నిండా చిన్నపిల్లవాడి ఆశ్చర్యం నిండింది.

“సార్, వోల్టులు ఏడికీ పోలేదు!” అని అరిచాడు. “మనం సూడని కాడ ఉన్నయ్!”

“అర్థమయ్యేటట్టు చెప్పండి.”

“పెద్దగట్టు జాతరల జనం ఒక సన్న సందు దాటి, మల్ల ఇంకో సన్న సందు దాటాలనుకోండ్రి. రెండు సందులల్ల తొక్కిసలాట సమానం. ఆ తొక్కిసలాటనే వోల్టులు. ఇప్పుడు మొదటి సందు పక్కన ఇంకో తొవ్వ తీసినమనుకోండ్రి. ఏమైతది?”

“మొదటి సందుల ఊపిరాడుతది,” అంది మరియమ్మ గుమ్మంలోంచి. నిన్నటి ప్రశ్న ఆమెనూ నిద్రపోనివ్వలేదు.

“ఊపిరాడినోళ్ళందరు ఉరికొచ్చి రెండో సందు మీద పడుతరు. ఆడ తొక్కిసలాట ఇంకింత పెరుగుతది. ఈ మీటరు గూడ ఒక తొవ్వనే సార్. దీని లోపల గూడ తీగ సుట్టనే ఉన్నది. కొలవనీకి పెట్టంగనే కొంత కరెంటు దీంట్లకెల్లి పోతది. అందుకే పెట్టిన కాడ రెండే ఉంటయ్, పెట్టని కాడ నాలుగైతయ్. రెండింటికి చెరొకటి పెడితే మల్ల సమానం, మూడు మూడు.”

“మరి మొత్తానికి పెట్టినప్పుడు ఆరు సరిగ్గానే చూపిందేం?”

“అప్పుడు మీటరు బ్యాటరీని పట్టుకుంటది, సుట్టల పంపకంల ఏలు పెట్టదు. బ్యాటరీకి ఇదొక లెక్క గాదు.”

ఇన్‌స్పెక్టరు ఇప్పుడు బల్ల పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “రెండో చుట్టలో నాలుగున్నాయన్నారు. కానీ చూద్దామని మీటరు పెడితే మూడైపోతుంది కదా. ఆ నాలుగును ఎవరు చూసినట్టు?”

“ఎవ్వరు సూడలేరు సార్,” అన్నాడు దానియేలు. “ఆరుల నుంచి రెండు తీసేసి తెలుసుకోవాలె. అసలు మన సుట్టలు ఎంత సన్న సందులో, ఈ మీటరు గూడ గంతే సందు. గందుకే ఇంత తేడా. మీటరు లోపలి సుట్ట మస్తు పెద్దదైతే, దాంట్లకెల్లి కరెంటు దూరలేక, కొలత సరిగ్గ వచ్చేది.”

“అంటే దొంగ నా మీటరేనా?” అన్నాడు సోమయ్య చిన్నబుచ్చుకొని.

“దొంగ గాదు మామా. వడ్లు కొలిచేటోడు పిడికెడు తీసుకోడా? గట్ల.”

“ఇదంతా బానే ఉంది గానీ, నా బోల్టుల సంగతేంటండీ?” అన్నాడు వెంకటనర్సయ్య, ఇక ఉండబట్టలేక.

“బోల్టులా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“బోల్టులేగా!”

ఆ తర్వాత ఎవరు దేని గురించి వచ్చారో తేలడానికి కొంతసేపు పట్టింది. తేలాక మొదట నవ్వింది ఇన్‌స్పెక్టరే. కిటికీ అవతలి నుంచి ఫకీరా, “ఓనర్ సాబ్, ఆ బోల్టులు మీరు బస్సు కొన్నప్పటి నుంచి లేవు. మాస్టర్ సాబ్ పుణ్యాన తెలిసింది,” అన్నాడు. వెంకటనర్సయ్య బ్యాటరీ వంక చూశాడు. అది తనదేనని గుర్తుపట్టాడు. కానీ ముప్పై ప్రాణాలు నిలబెట్టిన బ్యాటరీని, అధికారి ఎదురుగా, ఎందుకిచ్చావని ఎలా అడగడం? “వాడుకోండి మాస్టారూ, మనదే,” అన్నాడు పెద్దమనసుతో.

ఫకీరా పక్క నుంచి రుక్కమ్మ తల కూడా లోపలికొచ్చింది. నిన్నటి నడకకు కాళ్ళు వాచి, పొద్దుటి బస్సుకే తిరిగొచ్చింది. “సారూ, మా మేక పోయి శాన దినాలైంది. జర మీటరు పెట్టి సూడరాదూ?”

ఇన్‌స్పెక్టరు లేచి మోకాళ్ళకంటిన సుద్దపొడి దులుపుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, “నేను ఏ బడికి పోయినా పాఠం ఎంతో కొంత తక్కువగానే కనిపిస్తుంది. ఆ తక్కువ మీదేనని ఇన్నేళ్ళూ పంతుళ్ళనే కోప్పడ్డాను. నేను పక్కన నిలబడ్డందుకు ఎంత తగ్గిందో కలుపుకోలేదు,” అన్నాడు. “తెలియదని నా ముఖం మీద చెప్పిన పంతులు మీరొక్కరే. నా ఎదురుగానే తెలుసుకున్నదీ మీరొక్కరే. మిమ్మల్ని ముస్తకిల్ చేస్తున్నాను.”

దానియేలుకు కళ్ళు తిరిగినంత పనైంది. మరియమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. పిల్లలు మళ్ళీ చప్పట్లు కొట్టారు.

“ఒక్క సంగతి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు గుమ్మం దగ్గర ఆగి. “ఈ పాఠం చెప్పడానికి మీటర్లు రెండూ ఉండాలి. ఆ రెండూ మిల్లువి, మిల్లు మిర్యాలగూడలో ఉంది. అక్కడి బడి సైన్సు పంతులు కావాలని ఎన్నాళ్ళుగానో నా ప్రాణం తీస్తోంది. మిమ్మల్ని అక్కడికే వేస్తున్నాను. ఇల్లు దొరకడం కష్టమేమో, చూసుకోండి.”

“ఇల్లుకేం ఫికర్ లేదు సార్,” అన్నాడు సోమయ్య, ముఖం చేటంత చేసుకొని. “మా ఇల్లే ఉన్నది. కిరాయి గూడ లేదు!”

నెల తిరగకుండానే దానియేలు, మరియమ్మ సామానుతో మిర్యాలగూడలో దిగారు. గిన్నెలు, పరుపుచుట్ట, పుస్తకాల పెట్టె గుమ్మంలోకి వస్తుంటే అత్తగారు ఉప్పలమ్మ సంబరంగా ఎదురొచ్చింది.

“ఈసారి ఎన్ని దినాలుంటవ్ అల్లుడా?”

“ముస్తకిల్,” అన్నాడు దానియేలు.